పోయిన తాడు కాదు, మిగిలిన కమాను

1980 ఫిబ్రవరి 16, శనివారం. దేవరకొండ పక్కన మా ఊళ్ళో గూనపెంకుల ఇల్లు. నడిమింట్లో ఇత్తడి పళ్ళెం పెట్టి, అందులో పసుపునీళ్ళు పోసి, మా అమ్మ రోకలి నిలబెట్టే ప్రయత్నంలో ఉంది. గ్రహణం పట్టినంతసేపూ ఎవరూ పట్టుకోకుండానే రోకలి నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మా దగ్గర నమ్మకం. తలుపు గొళ్ళెం పెట్టారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. బిందెల మీద గరక పోచలు వేశారు. నేను నాలుగో తరగతి.

అందరూ రోకలిని చూస్తున్నారు. నేను నేలను చూస్తున్నాను. పెంకుల సందుల్లోంచి రోజూ కోడిగుడ్డంత వెలుగు బిళ్ళలు పడేవి. ఆ మధ్యాహ్నం అవి నెలవంకలయ్యాయి. నేల మీద, గోడ మీద, వడ్ల బస్తాల మీద, అమ్మ కొంగు మీద, ఎక్కడ చూస్తే అక్కడ చిన్న చిన్న నెలవంకలు. ఇల్లంతా కొడవళ్ళు పరిచినట్టుంది. అవి సన్నబడుతూ, గోటిముక్కలంత అయ్యి, ఉన్నట్టుండి ఒక్కటీ లేకుండా పోయాయి. బయట కోళ్ళు గూట్లోకి ఉరికిన చప్పుడు. ఎవరింట్లోనో కంచం మోగించారు.

"కండ్లు మూస్కో బిడ్డా," అంది అమ్మ. మూసుకున్నాను.

రెండు నిమిషాలకు పైగా మూసుకునే ఉన్నాను. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ రెండు నిమిషాలే వట్టి కంటితో చూడదగ్గవి. అంతకు ముందూ వెనకా చూస్తే కళ్ళు పోతాయన్నది నిజమే. మేమేమో మొత్తానికీ తలుపులు వేసుకున్నాం. మాకు యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జపాల-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర, శాస్త్రవేత్తలు ఆ రెండు నిమిషాల కోసం ఎక్కడెక్కడి నుంచో పరికరాలు మోసుకొచ్చి కూర్చున్నారు. మా పెంకుల మీద పడమటి వైపు వాలిన సూర్యుడి చుట్టూ కరోనా, అంటే సూర్యుడి పలచటి బయటి పొర, వెలుగుతోంది. అది సూర్యుడి కార్యకలాపం గరిష్ఠంగా ఉన్న కాలం. అలాంటప్పుడు కరోనా ఒక పక్కకు సాగి ఉండదు, అన్ని దిక్కులకూ పూల రేకుల్లా విచ్చుకుని ఉంటుంది. నేను చూడలేదు. తర్వాత ఎప్పుడో ఫోటోల్లో చూశాను. ఈ వ్యాసం రాయడానికి ఆ రెండు నిమిషాల కచ్చ ఒక కారణం.

రెండో కారణం మొన్నమొన్నటిది. 2024 మే 10న, సూర్యుడు విసిరిన పదార్థం వచ్చి తాకి, భూమికి పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది. మన దేశం నుంచి ధ్రువకాంతులు కనిపించడమే అరుదు. ఆ రెండు రోజులూ నా ఫోన్‌కు వచ్చిన మెసేజీలన్నిట్లో ఒకే మాట: "సూర్యుడు పేలాడు." మా వీధిలో కిరాణం షాపు ఆయన అడిగాడు, "సార్, సెల్‌ఫోన్లు బంద్ ఐతయా?" కావని చెప్పాను. ఆయన నమ్మలేదు. తప్పు ఆయనది కాదు. "పేలుడు" అన్న మాట వింటే ఎవరికైనా బాంబే గుర్తొస్తుంది. బాంబంటే లోపలున్నది బయటికి చిమ్మడం, తర్వాత ఏమీ మిగలకపోవడం.

నా తగువు ఈ మాటతోనే. సూర్యుడి మీద జరిగేదాన్ని పేలుడు అంటే అందులో సగమే చెప్పినట్టు. బయటికి ఎగిరిపోయేదొకటి ఉంది, నిజమే. అదే నిమిషాల్లో దాని పక్కన, దాని కింద ముడుచుకునేవి ఉన్నాయి, ఊగేవి ఉన్నాయి, కొత్తగా కట్టుకునేవి ఉన్నాయి. అసలు కథ తెలిసేది ఎగిరిపోయినదాని వల్ల కాదు, మిగిలినవాటి వల్ల అని నేనంటాను. ఆ మిగిలినవాటినే ఇంగ్లిషులో లూపులు అంటారు. మన పుస్తకాల్లో ఉచ్చులనీ వలయాలనీ రాస్తారు. నాకు రెండూ నచ్చవు. ఉచ్చు అంటే పిట్ట గుర్తొస్తుంది, వలయం అంటే గాజు. అవి రెండు కాళ్ళ మీద నిలబడ్డ అర్ధవృత్తాలు. మన దగ్గర దానికి మంచి మాట ఉంది: కమాన్. ఊరి మొగదల ఉండేది. నేను కమాను అనే రాస్తాను.

పాలమూరులో నేను ఫిజిక్సు చెప్తాను. కమాన్ల గురించి చెప్పేటప్పుడు పిల్లలను పిల్లలమర్రి గుర్తు తెచ్చుకోమంటాను. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే చెట్టు. 2018లో చెదలు పట్టి కొమ్మ విరిగిపోతే మనిషికి ఎక్కించినట్టు సెలైను సీసాలతో మందు ఎక్కించారు, ఆ ఫోటో చూడనివాళ్ళుండరు. ఆ చెట్టు కింద నిలబడితే ఏది అసలు మాను, ఏది ఊడ అని చెప్పలేం. ఒక చోట నేలలోంచి లేస్తుంది, కొమ్మగా సాగుతుంది, ఇంకోచోట ఊడగా నేలలోకి దిగుతుంది. సూర్యుడి మీద కమాను కూడా అంతే. ఒక కాలు నిలబడ్డచోట అయస్కాంత క్షేత్రం పైకి లేస్తుంది, రెండో కాలి దగ్గర లోపలికి దిగుతుంది. మధ్యలో వంపు, భూమి వ్యాసానికి ఎన్నో రెట్లు. సూర్యుడి మీది నల్ల మచ్చల్లో అయస్కాంతం ఉందని జార్జ్ ఎల్లెరీ హేల్ 1908లో కనిపెట్టాడు. మరుసటి ఏడాదే మన కొడైకెనాల్‌లో జాన్ ఎవర్షెడ్ మచ్చల అంచుల్లో వాయువు బయటికి పారడం చూశాడు. అంటే నేల వైపు సంగతులు మనకు వందేళ్ళ కిందటే కొంత తెలుసు. పైనున్న కొమ్మలు సరిగ్గా కనబడడానికి మాత్రం అంతరిక్షంలోకి టెలిస్కోపులు వెళ్ళేదాకా ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే కమానులోని పదార్థం పది ఇరవై లక్షల డిగ్రీల్లో ఉంటుంది, అంత వేడిది ప్రధానంగా వెలిగేది అతినీలలోహిత కాంతిలో, ఎక్స్-కిరణాల్లో. వాటిని మన గాలి కిందికి రానివ్వదు. కింద సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే ఉంటే పైన లక్షల్లో ఎందుకుందన్నది వేరే తగవు, ఇంకా తెగలేదు. దాని జోలికి ఇప్పుడు పోను.

ఇక్కడ ఒక జాగ్రత్త. కమాను అన్నా, గీత అన్నా, పోగు అన్నా అవి మన సౌకర్యం కోసం. పోచంపల్లి మగ్గం మీద పోగు ఉన్నట్టు అక్కడ పోగులేమీ లేవు. క్షేత్రం అంతటా ఉంటుంది. దాని దిక్కు తెలియడానికి మనం గీతలు గీస్తాం. వాటిలో కొన్నింటి వెంట వేడి పదార్థం నిండితే ఆ కొన్ని వెలుగుతాయి, అవే కమాన్లుగా కనబడతాయి. వెలగని చోట క్షేత్రం లేదనుకుంటే పొరపాటు. ఈ పొరపాటు పాఠ్యపుస్తకాల్లో ఇనుప రజను బొమ్మ దగ్గరే మొదలవుతుంది. రజను గీతలుగా సర్దుకుంటుంది కాబట్టి గీతలు నిజంగా ఉన్నాయనుకుంటాం.

అయితే ఈ అదృశ్య పోగులకూ పదార్థానికీ విడదీయరాని సంబంధం ఉంది. కరోనాలో ఉన్నది విద్యుత్తు బాగా పారే ప్లాస్మా. అలాంటిదాంట్లో క్షేత్రమూ పదార్థమూ ఒకదాన్నొకటి వదలవని 1942లో హానెస్ ఆల్వెన్ చెప్పాడు. పలచటి కరోనాలో పెత్తనం క్షేత్రానిది, పదార్థం దాని వెంట పోతుంది. కింద ఉపరితలం దగ్గర చిక్కటి వాయువుది పెత్తనం, అది ఎటు మసిలితే కమాను కాళ్ళు అటు కదులుతాయి. రెండు కాళ్ళనూ గంటల తరబడి, రోజుల తరబడి లాగుతూ, తిప్పుతూ పోతే ఏమవుతుంది? పగ్గం పేనినట్టు మెలి పడుతుంది. మెలితోపాటు శక్తి చేరుతుంది.

శక్తి చేరడం అనగానే నాకు మా నాయిన గుర్తొస్తాడు. దేవరకొండలో ఆయనది మోటారు వైండింగ్ షాపు. ఎండాకాలం వోల్టేజి పడిపోయి మోటార్లు కాలిపోతే రైతులు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. కాలిన వార్నిష్ వాసన, స్లాట్లలో దూర్చే రాగి తీగల చుట్లు, ఇవే నా చిన్నతనం. ఒకసారి స్టార్టర్ డబ్బా మూత తీసిపెట్టి మోటారు ఆన్ చేసి, ఆపి చూపించాడు. ఆన్ చేసినప్పుడు చిన్న టక్కుమన్న శబ్దం. ఆపినప్పుడు కాంటాక్టుల మధ్య నీలం మంట ఒకటి ఉరికింది. నాకది అర్థం కాలేదు. ఆపితే మంటేంది? "కరెంటు ఊకె పోదు బిడ్డా, కోపంతోటి పోతది," అన్నాడు.

ఇంటర్‌కు వచ్చాక తెలిసింది, ఆయన చెప్పింది ఇండక్టెన్సు గురించని. చుట్టలో కరెంటు పారుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రంలో శక్తి దాగి ఉంటుంది. దారి తెంపితే ఆ శక్తి ఎటో ఒకటు పోవాలి, కాంటాక్టుల మధ్య గాలిని చీల్చుకుని పోతుంది. మెలిపడ్డ కమానులోనూ కరెంట్లు పారుతుంటాయి. మెలి లేని మామూలు కమానుకు కొంత శక్తి ఎలాగూ ఉంటుంది, అది ఖర్చుకు దొరకదు. దాని మీద మెలి వల్ల అదనంగా చేరిందే దొరుకుతుంది. అది ఒక్కసారిగా వెలుగుగా, వేడిగా బయటపడడాన్నే జ్వాల అంటారు. ఆ అదనమే ఒక పెద్ద జ్వాలలో 10²⁵ జౌళ్ళదాకా ఉంటుంది. ఎంతో తెలియాలంటే, మన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం 815 మెగావాట్లు చిల్లర. అది ఒక్క రోజు కూడా ఆగకుండా, పూర్తి సామర్థ్యంతో, 39 కోట్ల ఏళ్ళు తిరిగితే అంత అవుతుంది. సాగర్‌లో నీళ్ళుంటే.

పోలిక ఇక్కడిదాకానే. స్టార్టర్‌లో మేం చేత్తో తెంపుతాం. సూర్యుడి మీద తెంపేవాళ్ళు లేరు. మెలిపడ్డ క్షేత్రం తాడులా బిగుసుకుని, మెల్లగా పైకి లేవడం మొదలుపెడుతుంది. దాని మీద పైనుంచి ఇంకా పెద్ద కమాన్లు బోర్లించి ఉంటాయి, గంప కింద కోడిని కమ్మినట్టు. తాడు లేస్తూ వాటిని పైకి సాగదీస్తుంది. సాగిన కమాను రెండు కాళ్ళూ తాడు కింద ఒకదానికొకటి దగ్గరకొస్తాయి. ఒకటి పైకి పోయే క్షేత్రం, ఒకటి కిందికి వచ్చే క్షేత్రం. ఎదురెదురు దిక్కులవి అంత దగ్గరగా నొక్కుకున్నచోట ఆల్వెన్ చెప్పిన నియమం చెల్లదు. క్షేత్రరేఖలు పాత జతలు వదిలి కొత్త జతలు కడతాయి. సేద్యగాళ్ళ భాషలో చెప్పాలంటే పాలు పంచుకోవడం కాదు, పొత్తు మార్చుకోవడం. దీన్నే రీకనెక్షన్ అంటారు. తెగడం, అతకడం అని రాస్తారు గానీ తెగేదేమీ లేదు, ఎవరితో ఎవరు కలిశారన్న లెక్క మారుతుందంతే.

మారాక పైన కలిసిన భాగం తాడుకు మరో చుట్టయి దాన్ని ఇంకా పైకి తోస్తుంది. అది సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి రెండు మూడు వేల కిలోమీటర్ల వేగందాకా అందుకుని వెళ్ళిపోతుంది. దాన్నే వార్తల్లో పేలుడు అంటున్నాం. కింద కలిసిన భాగం సంగతేమిటి? అది పొట్టి కమాను అవుతుంది. పుట్టినప్పుడు దాని తల కోసుగా ఉంటుంది. లాగి వదిలిన రబ్బరులా కిందికి గుంజుకుని గుండ్రబడుతుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. అవి వరసగా పేరుకుంటూ పోతే, పక్క నుంచి చూసినప్పుడు ఆర్టీసీ బస్టాండు షెడ్డులా కమాన్ల బారు కనబడుతుంది. కింద వాటి కాళ్ళు పడ్డచోట రెండు వెలుగు చారలు పుట్టి, కొత్త కమాన్లు బయటి వైపు నుంచి చేరుతున్నకొద్దీ ఒకదానికొకటి దూరం జరుగుతాయి.

ఈ కొత్త కమాన్లు మొదట కోటి డిగ్రీలు దాటి మండుతాయి. రీకనెక్షన్ దగ్గర పుట్టిన శక్తి కాళ్ళ వెంట కిందికి దిగి అక్కడి చిక్కటి పొరను కాలిస్తే, ఆ పదార్థం ఉబికి పైకెక్కి కమానును నింపుతుంది. ఇది పాలు పొంగడం లాంటిది, కాకపోతే ఇక్కడ వేడి పైనుంచి వచ్చినా పొంగేది కింది నుంచే. తర్వాత చల్లబడుతుంది. చల్లబడుతూ చల్లబడుతూ ఒక దశలో పదివేల డిగ్రీల దరిదాపుకు దిగిపోయి, చుక్కలు చుక్కలుగా చిక్కబడి, కమాను రెండు కాళ్ళ వెంటా జారిపోతుంది. దాన్ని నిజంగానే కరోనా వాన అంటారు. ఒక్కో చుక్క వందల కిలోమీటర్ల వెడల్పు. పాలమూరు వాళ్ళం వాన అన్న మాట ఎక్కడ వినబడ్డా తలెత్తుతాం. క్లాసులో ఆ వీడియో చూపించినప్పుడు వెనక బెంచీలో కూడా ఎవరూ మాట్లాడలేదు.

ఇంతవరకూ చెప్పిన బొమ్మ చాలామంది చేతుల మీదుగా తయారైంది. కార్మైకేల్, స్టరాక్, హిరయామా, కాప్, న్యూమన్ అనే అయిదుగురు 1964 నుంచి 1976 మధ్య గీసింది. మొదట అదంతా కాగితం మీది బొమ్మే. 1992 జనవరి 13న జపాను వాళ్ళ యోకో ఉపగ్రహం ఒక జ్వాలను చూసింది. ఎక్స్-కిరణాల ముద్ద ఒకటి కమాను తల మీద కాదు, తలకు ఇంకా పైన, ఖాళీ అనుకున్నచోట వెలిగింది. శక్తి విడుదలయ్యేది కమాను లోపల కాదు, దాని పైన అని అప్పుడు చాలామందికి నమ్మకం కుదిరింది.

ఇక నన్ను ఎక్కువ పట్టుకున్నది దీని తర్వాతి ముచ్చట.

2000లో హ్యూ హడ్సన్ అనే సౌర శాస్త్రవేత్త చిన్న పరిశోధన పత్రం ఒకటి రాశాడు. దాని లెక్క పల్లెటూళ్ళో కూడా అర్థమయ్యేంత సులభం. అయస్కాంత క్షేత్రానికి ఒత్తిడి ఉంటుంది, గాలి నింపిన ట్యూబుకు ఉన్నట్టు. జ్వాలకు శక్తి వచ్చింది ఆ క్షేత్రం నుంచే కదా? మరి శక్తి పోయినచోట ఒత్తిడి తగ్గాలి కదా? తగ్గితే చుట్టూ ఉన్నది లోపలికి కుంగాలి కదా? అంటే పేలుడు జరుగుతున్నప్పుడే, పేలుడు వల్లనే, ఎక్కడో కమాన్లు ముడుచుకుని తీరాలి. పేలుడు లోపలికి. మరి అది ఎవరికీ ఎందుకు కనబడలేదు? ఎవరూ వెతకలేదు కాబట్టి. అందరి చూపూ ఎగిరిపోయేదాని మీదే.

2010లో నాసా వాళ్ళ సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ పైకి వెళ్ళింది. పన్నెండు సెకన్లకొకసారి మొత్తం సూర్యుణ్ణి ఫోటో తీస్తుంది. దాంతో ముడుచుకునే కమాన్లు దొరికాయి, ఒకటి రెండు కాదు. 2012 మార్చి 9 నాటి జ్వాలలో కమాన్లు ముందు నిబ్బరంగా నిలబడి ఉండి, జ్వాల చురుకందుకోగానే లోపలికి కుంగి, కుంగిన చోటే ఊగాయి. హడ్సన్ చెప్పిందే జరిగిందని అనుకున్నారు.

కానీ 2017లో జుకారెల్లో, ఓలానియే, డూడీక్, వాళ్ళ తోటివాళ్ళు వేరే మాట అన్నారు. కంప్యూటర్‌లో విస్ఫోటం నడిపి చూస్తే, తాడు పైకి దూసుకుపోతున్నప్పుడు దాని రెండు పక్కలా సుడులు పుడుతున్నాయట. పక్కనున్న కమాను ముందు బయటికి తోయబడుతుంది, తర్వాత ఆ సుడిలో పడి లోపలికి లాగబడుతుంది. ఒత్తిడి పోయి కుంగడం కాదు, పోయినదాని వెనక పారే ప్రవాహంలో కొట్టుకుపోవడం.

నాకు ఈ రెండోది వినగానే సాగర్ రోడ్డు గుర్తొచ్చింది. రోడ్డు పక్కన హోటల్లో చాయ్ తాగుతుంటే సిమెంటు లారీ ఒకటి మీదికొస్తుంది. ఎదురుగా ఉన్న కాగితాలు, ప్లాస్టిక్ కప్పులు ముందు బయటికి, మన కాళ్ళ వైపు వస్తాయి. లారీ దాటగానే అవే రోడ్డు మధ్యకు, లారీ వెంట ఉరుకుతాయి. లారీ వాటిని పిలవలేదు. అక్కడేమీ ఖాళీ అవలేదు. లారీ పోయిన దారి గాలిని తిప్పింది, అంతే.

ఎవరిది నిజం? నా మొగ్గు లారీ వైపు. కారణం ఒకటే. ఒకే విస్ఫోటంలో కొన్ని కమాన్లు ఉబ్బుతూ, పక్కవి ముడుచుకుంటూ, రెండూ ఒకేసారి కనబడిన సందర్భాలున్నాయి. కుంగుబాటు ఒక్కటే అయితే ముడుచుకోవడం అర్థమవుతుంది, ఉబ్బడం అర్థం కాదు. సుడి అయితే రెండూ అర్థమవుతాయి. అయినా హడ్సన్ లెక్కను కొట్టేయలేం. శక్తి తీసుకున్నచోట ఖాతాలో తగ్గుదల కనబడాల్సిందే. ఏ కమాను ఖాతా తగ్గి కుంగింది, ఏది లారీ వెంట కొట్టుకుపోయింది అని ఒక్కోదాన్నీ విడివిడిగా చూడాలి. తాడు ఎగరకుండానే జ్వాల వచ్చి, అప్పుడూ కమాన్లు కుంగితే అక్కడ లారీ లేదు కాబట్టి హడ్సన్‌దే పైచేయి. మాటకు మాట చెప్పాలంటే, మన ఊళ్ళో పంచాయతీలు తెగేది కూడా ఇలాగే, ఒక్కో గట్టు దగ్గరికి పోయి నిలబడి.

ఊగడం గురించి కూడా చెప్పాలి. 1998 జులై 14న ఒక జ్వాల వచ్చింది. అప్పటికి మూడు నెలల కిందటే పైకెళ్ళిన ట్రేస్ ఉపగ్రహం పక్కనున్న కమాన్లను చూస్తోంది. లక్షా ముప్పై వేల కిలోమీటర్ల పొడవున్న కమాను, గాలికి కొమ్మ ఊగినట్టు పక్కకు ఊగింది. ఒక్కో ఊపుకు 256 సెకన్లు. పావుగంటకల్లా ఊపు చాలావరకు చచ్చిపోయింది. నకర్యకోవ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఆ 256ను పట్టుకుని కూర్చున్నారు.

ఎందుకు కూర్చున్నారో మా ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళనడిగితే చెప్తారు. డప్పును మంట మీద కాచి, వేలితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి పెట్టి వింటారు. తోలు ఎంత బిగిసిందో ఆ మోత చెప్తుంది. కమాను పొడవు తెలుసు, లోపలి పదార్థం ఎంత చిక్కనో అంచనా ఉంది, ఊపు సమయం కొలిచారు. ఇక బిగువు ఎంతో లెక్క కట్టొచ్చు. ఆ బిగువు అయస్కాంత క్షేత్రమే. పదమూడు గౌస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) అని తేలింది, లెక్కలో తేడా తొమ్మిది అటూ ఇటూ ఉండొచ్చని వాళ్ళే చెప్పుకున్నారు. అంత తేడా పెట్టుకుని ఏం లాభం అంటారేమో. కరోనాలో క్షేత్రాన్ని నేరుగా కొలవడం మహా కష్టం. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న డప్పును మనం కాయలేం, కొట్టలేం. దాన్ని విస్ఫోటమే కొట్టింది, మనం విన్నాం. ఎగిరిపోయిన తాడు ఈ సంగతి చెప్పలేదు. మిగిలి ఊగిన కమాను చెప్పింది.

అసలు ఎగరనివ్వకుండా ఆపేవి కూడా ఈ కమాన్లే. 2014 అక్టోబరులో సూర్యుడి మీద 12192 నంబరు మచ్చల గుంపు వచ్చింది. గురుగ్రహమంతది, ఆ సౌరచక్రంలో, అంటే మచ్చలు పెరిగి తగ్గే దాదాపు పదకొండేళ్ళ కాలంలో, అన్నిటికన్నా పెద్దది. ఎక్స్ తరగతి జ్వాలలు, అంటే అత్యంత బలమైన తరగతివి, ఆరు వచ్చాయి. ఆరింటిలో ఒక్కటి కూడా చెప్పుకోదగ్గ పదార్థాన్ని బయటికి విసరలేదు. పైన బోర్లించిన కమాన్ల గంప అంత బలంగా ఉండింది. కింద కోడి ఎంత కొట్టుకున్నా గంప లేవలేదు. "పేలుడు" అన్న మాట పట్టుకుని కూర్చున్నవాళ్ళు దీన్ని ఏమంటారు? పేలింది, కానీ ఏమీ పోలేదు. భూమికి తుఫాను వస్తుందా రాదా అన్నది జ్వాల ఎంత పెద్దదన్న దాన్నిబట్టి చెప్పలేం. గంప సంగతి చూడాలి, పైకి పోయేకొద్దీ ఆ గంప క్షేత్రం ఎంత త్వరగా పలచబడుతుందో చూడాలి.

మరి కిరాణం షాపు ఆయన ప్రశ్న? ఆయన భయం పూర్తిగా ఉత్తదేం కాదు. 1859 సెప్టెంబరు 1న రిచర్డ్ కారింగ్టన్ చూసిన జ్వాల తర్వాత పద్దెనిమిది గంటల్లోపే తుఫాను భూమిని తాకింది, దూరదేశాల్లో టెలిగ్రాఫు తీగలు నిప్పులు రాల్చాయి, బొంబాయిలో కొలాబా అబ్జర్వేటరీలో భూమి అయస్కాంత క్షేత్రం కొలత విపరీతంగా పడిపోయింది. 1989 మార్చి 13న కెనడాలో క్యుబెక్ రాష్ట్రమంతా తొమ్మిది గంటలు చీకట్లో ఉంది. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ వాళ్ళు ఒకేసారి పంపిన 49 ఉపగ్రహాల్లో 38 పోయాయి, అది పెద్ద తుఫాను కూడా కాదు. మనం భూమధ్యరేఖకు దగ్గర ఉండడం వల్ల కరెంటు గ్రిడ్లకు అంత గండం లేదు. మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడానికి సూర్యుడి సాయం ఎప్పుడూ అవసరం పడలేదు.

ఇప్పుడు మనకూ ఒక కన్ను ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటికి చేరింది. అందులో వెల్క్ అనే పరికరం సూర్యబింబానికి అడ్డం పెట్టి, అంచుకు అతి దగ్గర నుంచి కరోనాను చూస్తుంది. అంటే దానికి రోజూ సంపూర్ణ గ్రహణమే. తలుపులు వేసేవాళ్ళు లేని గ్రహణం. సూట్ అనే ఇంకో పరికరం అతినీలలోహితంలో బింబాన్ని చూస్తుంది. 2024 ఫిబ్రవరి 22న వచ్చిన ఎక్స్ 6.3 జ్వాలను అది పట్టుకుంది. ఆ వార్త వచ్చినప్పుడు కూడా శీర్షికల్లో "పేలుడు" అనే ఉంది. పేలుడు తర్వాత ఆ కమాన్లు ఏమయ్యాయని రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

1980 తర్వాత సంపూర్ణ గ్రహణం మా ఊరికి మళ్ళీ రాలేదు. మన దేశంలో ఎక్కడైనా చూడాలంటే 2034 మార్చి 20న, అదీ కాశ్మీరు వైపు. అప్పటికి నాకు అరవై దాటుతాయి. పోవాలనే ఉంది.

2022లో దీపావళి తెల్లారి, అక్టోబరు 25న, పాక్షిక గ్రహణం పట్టింది. సూర్యుడు పట్టుతోనే మునిగిపోయాడు. మా అమ్మ అప్పుడు నల్లగొండలో తమ్ముడి దగ్గర ఉంది, నేనూ వెళ్ళాను. ఆమెను మెల్లగా డాబా మీదికి తీసుకెళ్ళి, పిండి జల్లెడను పడమటికి ఎత్తిపట్టాను. తూర్పు పిట్టగోడ మీద వందల బిళ్ళలు, అన్నిటికీ ఒకే పక్కన కొరికిన గుర్తు. అమ్మ ముందు గోడను చూసింది. తర్వాత జల్లెడ తీసుకుని అటూ ఇటూ ఆడించి చూసింది. బిళ్ళలన్నీ కలిసి కదిలాయి.

"ఇవి మన పాత ఇంట్ల గూడ పడ్డయి గద, గోడల మీద," అంది.

"నువ్వు చూసినవా?"

"చూడక? నా కొంగు మీదనే పడె."

కిందికి దిగాక వంటింట్లోకి పోయి రోకలి అడిగింది. తమ్ముడి ఇంట్లో రోకలి లేదు. పక్కింటి నుంచి తెప్పించి, స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టబోయింది. మూడుసార్లు పడింది. నాలుగోసారి పళ్ళేన్ని పక్కకు నెట్టేసి,

"స్టీలుది గదా," అంది, "ఇత్తడిదైతే నిలవడుతది."